సర్వర్ ఖాళీగానే ఉంది, సైట్ మాత్రం ఓపెన్ కావట్లేదు: డేటాబేస్ కనెక్షన్ల కథ

గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టేది మన కందకుర్తి దగ్గరే. మంజీర, హరిద్ర వచ్చి కలిసేదీ అక్కడే. 2015 పుష్కరాల తర్వాత పన్నెండేళ్ల లెక్కన మళ్లీ పుష్కరాలు 2027లో. ఈలోపు నిజామాబాద్, బోధన్ వైపు బీటెక్ స్టూడెంట్స్ ఎవరో ఒకరు పార్కింగ్ స్లాట్ బుకింగ్ సైట్ ప్రాజెక్టుగా చేస్తారని నా నమ్మకం. ల్యాబ్‌లో అది సూపర్‌గా నడుస్తుంది. పుష్కరాల మొదటి రోజు తెల్లవారుజామున ఆగిపోతే మాత్రం, ఇంట్లో ముసలోళ్లని కారులో తీసుకొచ్చినవాళ్లు రోడ్డు మీదే ఇరుక్కుపోతారు. విచిత్రం ఏంటంటే, ఇలా ఆగిపోయిన సైట్లలో చాలాసార్లు ప్రాసెసర్, ర్యామ్ ఖాళీగానే ఉంటాయి. అయిపోయేది కనెక్షన్లు.

డేటాబేస్‌కి కనెక్షన్ తెరవడం అంత చవక పని కాదు. ముందు నెట్‌వర్క్ లింక్, తర్వాత పాస్‌వర్డ్ చెకింగ్, ఆపైన మెమరీ కేటాయింపు. పోస్ట్‌గ్రెస్ అయితే ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్‌నే లేపుతుంది. పైగా లిమిట్ ఉంది: డిఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్‌లో 100, మైఎస్‌క్యూఎల్‌లో 151. అది దాటితే 'టూ మెనీ కనెక్షన్స్' అని మొహం మీదే తలుపేస్తుంది.

అందుకే పూల్ పెడతాం. బోధన్ నిజాం షుగర్స్ 2015 చివర్లో మూతపడింది గానీ, చెరుకు కాటా ఎట్లా పనిచేస్తుందో మనోళ్లకి చెప్పక్కర్లేదు. ఎన్ని బండ్లొచ్చినా కాటాలు ఉన్నవే. తూకం అవ్వగానే బండి దిగిపోవాలి, వెనక బండి ఎక్కాలి. పూల్ కూడా అంతే: ముందే తెరిచిపెట్టిన కొన్ని కనెక్షన్లు, వాడుకుని తిరిగి ఇచ్చేయాలి. జావాలో ఎక్కువగా వాడే హికారీ పూల్ డిఫాల్ట్ సైజు 10. ఖాళీ లేకపోతే 30 సెకన్లు వెయిట్ చేయించి ఎర్రర్ ఇస్తుంది.

పది చాలా తక్కువ అనిపిస్తుంది కదా? లెక్క చూడండి. ఒక రిక్వెస్ట్ కనెక్షన్‌ని 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే, పదితో సెకనుకి 500 రిక్వెస్టులు నడుస్తాయి. ఇప్పుడు అదే కోడ్‌లో కనెక్షన్ చేతిలో ఉండగానే ఓటీపీ ఎస్ఎంఎస్ పంపారనుకోండి, దానికి 2 సెకన్లు పట్టింది. సెకనుకి 5 రిక్వెస్టులే! డ్రైవర్ కాటా మీదే బండి ఆపి చాయ్ తాగడానికి పోయినట్టు. పూల్ సైజు 50 చేసినా సెకనుకి 25 దాటదు. చేయాల్సింది వేరే: ముందు డేటాబేస్ పని ముగించి, కనెక్షన్ వదిలేసి, ఆ తర్వాత ఎస్ఎంఎస్.

ఇక క్లాసుల సంగతి. బుకింగ్ క్లాస్, పేమెంట్ క్లాస్ రెండూ కన్‌స్ట్రక్టర్‌లో ఎవరి కనెక్షన్ వాళ్లు తెచ్చుకోవడం ప్రాజెక్టుల్లో మామూలే. దీంతో రెండు తలనొప్పులు. ఒకటి, రెండూ వేర్వేరు ట్రాన్సాక్షన్లు అయిపోతాయి; పేమెంట్ ఫెయిలైనా బుకింగ్ రోల్‌బ్యాక్ కాదు, స్లాట్ ఊరికే బ్లాక్ అవుతుంది. రెండోది ఇంకా డేంజర్. ఒకేసారి పది థ్రెడ్లు వచ్చి తలా ఒక కనెక్షన్ పట్టుకుని, రెండోదాని కోసం ఎదురుచూస్తే ఎవరూ కదలరు. టైమౌట్ అయ్యేదాకా సైట్ మొత్తం బొమ్మే.

నా ఓటు ఒకే పద్ధతికి: క్లాస్ కనెక్షన్ తయారుచేయకూడదు, బయటి నుంచి తీసుకోవాలి. రిక్వెస్ట్‌ని నడిపే సర్వీస్ పూల్ నుంచి ఒక్కటి తీసుకుని, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, దాన్నే రెండు క్లాసులకీ ఇస్తుంది. కమిట్ చేసేదీ, వదిలేదీ అదే. టెస్టింగ్‌లో నకిలీ కనెక్షన్ ఇవ్వడం కూడా ఈజీ అవుతుంది.

సింగిల్‌టన్ పెడితే సరిపోదా అంటారేమో. మామూలు పీహెచ్‌పీలో ఓకే, ఎందుకంటే అక్కడ అది ఒక్క రిక్వెస్ట్ వరకే బతుకుతుంది. జావాలో అదే కనెక్షన్‌ని అన్ని థ్రెడ్లూ పంచుకుంటాయి. ఒకరి కమిట్‌తో ఇంకొకరి సగం పని సేవ్ అయిపోతుంది. సింగిల్‌టన్‌గా ఉంచాల్సింది పూల్‌ని, కనెక్షన్‌ని కాదు.

పీహెచ్‌పీ నుంచి జావాకి వచ్చేవాళ్లు ఇంకోటి గమనించాలి. అక్కడ రిక్వెస్ట్ అయిపోగానే మామూలు కనెక్షన్ దానంతటదే మూసుకుంటుంది. ఇక్కడ మధ్యలో ఎక్సెప్షన్ వస్తే క్లోజ్ లైన్ దాకా కోడ్ వెళ్లదు, కనెక్షన్ లీక్. పది ఎర్రర్లకి పూల్ ఖాళీ. 2011లో జావా 7తో వచ్చిన ట్రై-విత్-రిసోర్సెస్ వాడండి, ఎర్రర్ వచ్చినా అదే క్లోజ్ చేస్తుంది. హికారీలో లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్‌ని 2000 మిల్లీసెకన్లకి పెట్టి ల్యాబ్‌లోనే ఓ గంట లోడ్ టెస్ట్ నడపండి. ఏ మెథడ్ కనెక్షన్‌ని పట్టుకుని కూర్చుందో లాగ్‌లో కనిపిస్తుంది.