లామినేట్ ఫ్లోరింగ్ డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటే సరిపోతుందా?

ఈరోజు మా ఇంట్లో జరిగిన గొడవతోనే మొదలుపెడతాను.

మా చెల్లి పురిటికి విజయవాడ వస్తోంది. లోపలి గదిలో పాత మొజాయిక్ అక్కడక్కడా పగిలింది, పసిబిడ్డ ఉండే గది కదా, లామినేట్ వేయించేద్దాం అని అమ్మ పట్టుబట్టింది. షాపుకెళ్తే అతను డబ్బా తిప్పి పచ్చటి ఆకు బొమ్మ చూపించి "పూర్తిగా ఎకో ఫ్రెండ్లీ సార్" అన్నాడు. ఏ సర్టిఫికెట్ ఉంది అని అడిగితే మళ్ళీ ఆ ఆకే చూపించాడు!

లామినేట్ అంటే చెక్క పలక కాదండి. చెక్క పీచును జిగురుతో కలిపి, వేడిలో గట్టిగా ఒత్తి చేసిన హెచ్‌డీఎఫ్ బోర్డు. దాని మీద చెక్క డిజైన్ ప్రింటు చేసిన కాగితం, ఆ పైన గీతలు పడకుండా ఒక గట్టి పొర. 1977లో స్వీడన్‌లో పెర్‌స్టార్ప్ అనే కంపెనీ దీన్ని తయారుచేసింది. అసలు సంగతంతా ఆ జిగురులోనే ఉంది. మామూలుగా వాడే జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. బోర్డు పరిచాక కూడా అది నెలల తరబడి కొద్దికొద్దిగా గాల్లోకి వస్తూనే ఉంటుంది. ఎక్కువైతే కళ్ళు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. క్యాన్సర్ మీద పరిశోధన చేసే ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగం 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది.

అందుకని షాపులో రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఈ చెక్క ఏ అడవి నుంచి వచ్చింది? ఈ బోర్డు గాల్లోకి ఏం వదులుతుంది? ఎఫ్‌ఎస్‌సీ, పీఈఎఫ్‌సీ గుర్తులు మొదటి ప్రశ్నకే జవాబు. అవి ఉంటే ఫార్మాల్డిహైడ్ తక్కువ అనుకోవడం తప్పు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఎఫ్‌ఎస్‌సీ గుర్తు పక్కన సీ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని వాళ్ళ సైట్‌లో సెర్చ్ చేస్తే ఆ సర్టిఫికెట్ ఎవరిదో, ఇంకా నడుస్తోందో లేదో ఫోన్‌లోనే తెలిసిపోతుంది.

రెండో ప్రశ్నకు ఈ1, కార్బ్ ఫేజ్ 2 లాంటివి చూడాలి. ఈ1 యూరప్‌ది, సుమారు 0.1 పీపీఎం దాటకూడదు. కార్బ్ కాలిఫోర్నియాది. జర్మనీ వాళ్ళ బ్లూ ఏంజెల్ గుర్తు ఉంటే ఈ1 కన్నా కఠినం అన్నమాట.

ఇక్కడ మనవాళ్ళు ఎవరూ చెప్పని మాట ఒకటుంది. ఈ1 టెస్టు 23 డిగ్రీల గదిలో, 45 శాతం తేమలో చేస్తారు, గంటకోసారి గదిలో గాలంతా మారే లెక్కన. మే నెల విజయవాడ ఎలా ఉంటుందో నేను చెప్పాలా? వేడి, తేమ పెరిగితే ఈ వాయువు ఎక్కువ వస్తుంది. పైగా ఏసీ వేసి తలుపులన్నీ బిగించేస్తాం. కాబట్టి మనకి ఈ1 అనేది కనీసం ఉండాల్సింది, అంతే.

లేబుల్‌ని కూడా గుడ్డిగా నమ్మొద్దు. 2015లో అమెరికాలో సిక్స్‌టీ మినిట్స్ ప్రోగ్రామ్ వాళ్ళు టెస్టు చేయిస్తే, కార్బ్ లేబుల్ ఉన్న డబ్బాలే ఫెయిలయ్యాయి. అందుకే ల్యాబ్ రిపోర్టు అడగండి, అందులో మోడల్ పేరు మీ డబ్బా మీద పేరుతో కలుస్తోందా చూడండి. అరుగుదలకి ఏసీ రేటింగ్ ఉంటుంది, బెడ్‌రూమ్‌కి ఏసీ3 చాలు. బకెట్ నీళ్ళు పోసి కడిగే అలవాటున్న ఇంట్లో మాత్రం వద్దండి, అంచులు ఉబ్బిపోతాయి.

మా షాపతను రిపోర్టు వాట్సాప్‌లో పంపాడు. మోడల్ పేరు వేరేది! చెల్లి రావడానికి మూడు వారాలే ఉంది. నేను వద్దన్నాను. మొజాయిక్‌కి సిమెంటుతో అతుకులు వేయించి, శుభ్రంగా తుడిచి చాప పరిచాం. అమ్మ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. హాలు కోసం ఇంకో షాపులో అడిగాను, రిపోర్టు రాగానే వచ్చే ఎపిసోడ్‌లో మీ ముందే చదువుతాను.