సగం గుల్ల, సగం దిమ్మ

పాత సెమీ హాలో బాస్ గిటార్ అమ్మకానికి కనబడితే ఆత్రపడి వాయించకండి. ముందు దాని పైపలక మీద ఎఫ్ అక్షరంలా కోసిన కంతలోకి టార్చి వేసి చూడండి. బోలుగా ఉండాల్సిన పొట్టలో, మెడ మొదలు నుంచి అడుగుదాకా ఒక చెక్క దిమ్మ అడ్డుగోడలా కనిపిస్తుంది. ఈ వాద్యం జాతకమంతా అందులోనే ఉంది.

పెళ్ళిపందిట్లో మైకు కూయడం వినని వాళ్ళుండరు. బోలు గిటార్‌కు కరెంటు పెట్టినా అదే తంటా. స్పీకరు మోతకు డొల్ల అదురుతుంది, ఆ అదురు, తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌కు చేరి మళ్ళీ స్పీకర్లోంచే వస్తుంది, తిరిగి తిరిగి చివరికి ఊళ అవుతుంది. 1940ల మొదట్లో లెస్ పాల్ అనే వాద్యకారుడు న్యూయార్క్‌లోని ఎపిఫోన్ కర్మాగారంలో కూర్చుని నాలుగంగుళాల దుంగకు తీగలు బిగించాడు. ఊళ పోయింది. కాకపోతే అది గిటార్‌లా లేదు. అందుకని ఒక గిటార్‌ను నిలువునా కోసి, ఆ రెండు చెక్కల్ని దుంగకు చెరోపక్కా తగిలించాడు!

1958లో గిబ్సన్ కంపెనీ మిషిగన్‌లోని కలమజూలో ఈ కిటుకుతోనే ఈఎస్-335 గిటార్‌నూ, దాని తోబుట్టువుగా ఈబీ-2 బాస్‌నూ చేసింది. అప్పటికే ఎపిఫోన్ కూడా గిబ్సన్ యజమానుల చేతికి వచ్చింది. మరుసటేడు అదే బాస్ ఎపిఫోన్ రివోలి పేరుతోనూ బయటికొచ్చింది.

దీని గొంతు వేరు. ఫెండర్ బాస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు, ఇందులో 30.5. అదే తీగ అదే స్వరం పలకడానికి కావలసిన బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడ సుమారు 20 శాతం తక్కువ. వదులు తీగ, మెడ పక్కనే పికప్, అందులో లెక్కకు మించి చుట్టిన రాగితీగ: మూడూ కలిసి పైస్వరాలను మింగేస్తాయి. ఆ పికప్‌కు వాద్యకారులు పెట్టిన ముద్దుపేరు మడ్‌బకర్. మడ్ అంటే బురద! గుమ్మనే మోతను తగ్గించడానికి కంపెనీయే తర్వాత ఒక స్విచ్చి పెట్టింది. నన్నడిగితే ఆ బురదే దీని అందం. యార్డ్‌బర్డ్స్ బృందంలో పాల్ శామ్‌వెల్ స్మిత్ రివోలి వాయించాడు. యానిమల్స్ బృందంలో ఈ జాతి బాస్‌లే పట్టిన చాస్ చాండ్లర్, తర్వాత తన బాస్ గిటార్లు అమ్మి జిమీ హెండ్రిక్స్‌ను నిలబెట్టాడు.

వయసు తేల్చడానికి 1960ల సీరియల్ నంబర్లను నమ్మలేం. ఒకే నంబరు వేర్వేరు ఏళ్ళలో పడింది. పళ్ళ డాక్టరు వాడే చిన్న అద్దాన్ని కంతలోకి దించి, వాల్యూమ్ పాట్ (మోత పెంచి తగ్గించే గుండీ కింది భాగం) వీపు చూడండి. 1376523 అని ఉంటే 137 తయారీదారు గుర్తు, 65 సంవత్సరం, 23 వారం. గిటార్ అంతకన్నా పాతది కాదు. అయితే సోల్డరింగ్ తళతళలాడుతుంటే పాట్ మార్చారేమోనని అనుమానించాలి.

చివరగా, తీగలు మెడ దాటి తలలోకి వంగేచోట వెనకపక్క గోటితో రాసి చూడండి. చెక్క పలచగా ఉండేది అక్కడే, విరిగేదీ అక్కడే. అతికించిన మెడ నిక్షేపంగా మోగవచ్చు, కొనుక్కోండి. మెడ విరగనిదాని ధర మాత్రం ఇవ్వకండి.