పసిబిడ్డ మాడు

బిడ్డకు తలంటునపుడు నడినెత్తిన కొబ్బరినూనె అద్దుట మన కోనసీమలో వాడుక. అచట వ్రేలికి మెత్తగా అదరునదే మాడు. సోదరీమణులారా, అది లోపము కాదు. ప్రసవమున తల యొదుగుటకును, పిమ్మట మెదడు పెరుగుటకును కపాలపుటెముకల నడుమ నున్న సందు అది. సామాన్యముగ ఏడాదిన్నరకు మూసికొనును.

కపాలమును కొబ్బరికాయతో పోల్చవచ్చును. టెంకలో నీరున్నట్లే లోపల మూడు పొరలును, వాని నడుమ నీరును గలవు. అందు తేలుటచే పెద్దవారి 1400 గ్రాముల మెదడు సుమారు 50 గ్రాముల బరువు మాత్రమే మోపును. పీచు మాత్రము మనకు లేదు!

ఏడ్చునపుడు మాడు కొంచెము ఉబ్బుట సహజము. విరేచనములలో గుంటపడినచో ఒంటినీరు తగ్గినదని యెరుగవలెను. జ్వరమున, బిడ్డ ఏడువకున్నను ఉబ్బి బిగిసియున్నచో మెదడు పొరలు వాచియుండవచ్చును. ఈ రెండు సమయములందును పసరుపట్టుతో ప్రొద్దు పుచ్చరాదని మా మాట. ఆ పూటనే అమలాపురమో రాజోలో, దగ్గరి ఆసుపత్రికి బిడ్డను కొనిపోవలెను.