లోహాన్ని ఒడిసిపట్టే పీత డెక్క

బోరునీటితో కాచిన తేనీరు నల్లబడటం, రాత్రంతా నిల్వ ఉంచిన బిందె అడుగున తుప్పురంగు మడ్డి చేరడం, ఎంత రుద్దినా సబ్బు నురగ రాకపోవడం సరిహద్దు పల్లెల గృహిణులకు కొత్త కాదు. మొదటి రెండింటికీ సాధారణంగా ఇనుము, మూడవదానికి కాల్షియం, మెగ్నీషియం లవణాలు కారణం. కంటికి కనిపించని ఈ లోహాల లెక్క తేల్చడానికి రసాయన శాస్త్రం వినియోగించే సాధనాలలో ముఖ్యమైనవి కీలేట్ కారకాలు.

గ్రీకు భాషలో ‘కీలే’ అనగా పీత డెక్క. పీత తన డెక్కలతో ఎరను పట్టినట్లు, కొన్ని అణువులు లోహ అయానును రెండు లేక అంతకు మించిన చోట్ల ఒకేసారి బంధిస్తాయి. అందువల్లనే ఈ పేరు వచ్చింది. ఇట్లా ఏర్పడినదే సంక్లిష్ట సమ్మేళనం. వీటి నిర్మాణ రహస్యాన్ని విప్పిన ఆల్ఫ్రెడ్ వెర్నర్‌కు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

కోట్‌పాడ్ వస్త్రాలలో ఇదే సూత్రం

శాస్త్రం పేరు పెట్టక మునుపే కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతగాళ్లకు ఈ విద్య తెలుసు. వారు ఆల్ చెట్టు వేరు నుండి ఎర్రని రంగు తీస్తారు. ఈ చెట్టు తెలుగువారు తొగరు అని పిలిచే వర్గానికి చెందినది. ఆ రంగుకు అన్నభేదిని చేర్చగా ముదురు గోధుమ, నలుపు ఛాయలు వస్తాయి. అన్నభేదిలోని ఇనుమును రంగు అణువులు పట్టుకోవడమే ఈ మార్పునకు కారణం. కరక్కాయ, అన్నభేది కలిపి మన పెద్దలు కాచిన సిరా నలుపు, ఇనుపనీటి తేనీటి నలుపు కూడా ఈ కోవలోనివే. రెండింటిలోను టానిన్లే ఇనుమును బంధిస్తాయి.

ప్రయోగశాలలో

నీటి కాఠిన్యాన్ని కొలవడానికి ఇ.డి.టి.ఎ. అనే కారకాన్ని వాడతారు. ఇది లోహ అయానును ఆరు చోట్ల బంధించగలదు. 50 మిల్లీలీటర్ల నీటికి అమోనియా మిశ్రమం కలిపి క్షారత్వాన్ని స్థిరపరచి, ఎరిక్రోమ్ బ్లాక్-టి సూచికను చేరుస్తారు. సూచిక లోహాన్ని పట్టుకొని ద్రాక్షసారా ఎరుపుగా మారుతుంది. ఇప్పుడు బ్యూరెట్ నుండి ఇ.డి.టి.ఎ.ను చుక్కలుగా వదులుతారు. దాని పట్టు మరింత బలమైనది కనుక చివరకు సూచిక వద్దనున్న లోహాన్ని సైతం లాగివేస్తుంది. ఎరుపు పోయి నీలం రాగానే ఆపుతారు.

0.01 మోలార్ ద్రావణం ఒక మిల్లీలీటరు ఖర్చయితే కాల్షియం కార్బొనేట్‌గా ఒక మిల్లీగ్రాము కాఠిన్యమని లెక్క. 15 మిల్లీలీటర్లు పడితే లీటరుకు 300 మిల్లీగ్రాములన్నమాట. భారతీయ ప్రమాణాల ప్రకారం 200 వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు అనుమతి ఉంది.

ఇనుమునకు ఫినాంథ్రోలిన్ అనే కారకం ఉన్నది. అది ఇనుముతో నారింజ ఎరుపు రంగునిస్తుంది. రంగు ఎంత గాఢమైతే ఇనుము అంత ఎక్కువ. తాగునీటిలో ఇది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదు.

వైద్యంలో

కొడవలి కణ వ్యాధి, తలసేమియా ఉన్నవారికి పదేపదే రక్తం ఎక్కించవలసి వచ్చినపుడు శరీరంలో ఇనుము పేరుకొని గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. డెఫెరాసిరాక్స్ వంటి కీలేట్ మందులు ఆ ఇనుమును బంధించి వెలుపలికి పంపుతాయి. అయితే ఇవి మూత్రపిండాలకు, కాలేయానికి హాని చేయగలవు కనుక వైద్యుని పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూనే వాడాలి.

గృహస్థులు గమనించవలసినవి

తేనీరు నల్లబడటం ఒక హెచ్చరిక మాత్రమే. అది కొలత కాదు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన లోహాలు లేవని అనుకోరాదు. మరిగిస్తే కాఠిన్యంలో కొంత భాగం పొలుసుగా దిగిపోతుంది, కానీ సల్ఫేట్, క్లోరైడ్ లవణాల వలన కలిగినది మిగిలే ఉంటుంది. అనుమానం కలిగినపుడు శుభ్రమైన సీసాలో బోరునీటిని పట్టి, సీసాపై ఊరిపేరు, తేదీ, బోరు ఉన్న చోటు వ్రాసి గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలకు పంపడం ఉత్తమం. ఏ బోరునీరు తాగడానికి, ఏది ఇతర అవసరాలకు అన్న నిర్ణయం ఆ పరీక్ష ఫలితాన్ని బట్టి జరగాలి.