ఉప్పుగాలి – నాలుగు చక్రముల బండి

గిలకలదిండి రేవున చేపలు దింపు వేళ ఐసుపెట్టెల బండ్లు ఉప్పునీటి మడుగులలోనే నిలిచియుండును. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువుగట్లపైకి పోవు బండ్ల చక్రములకు నల్లమట్టి ముద్దలు ముద్దలుగా పట్టును. ఇట్టి నేలపై నాలుగు చక్రములకును ఇంజను బలమందించు ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఎంతో అక్కరకు వచ్చును. అయితే ఈ కాలపు బండ్లు పెక్కింటిలో ఆ బలమును పంచుట యొక చిన్న కంప్యూటరు వశముననున్నది. వేగమును తెలుపు సెన్సారులే దానికి కన్నులు. ఆ కన్ను మసకబారినపుడు లోపమెచ్చటనున్నదో తెలిసికొను విధమును మనము విచారింతము.

1940ల చివర మన దేశమున బిగింపు మొదలైన విల్లీస్ జీపులకు ఈ బెడద లేదు. డ్రైవరు లివరు లాగినచో ట్రాన్స్‌ఫర్ కేసులోని పండ్లచక్రములు కలిసికొని ముందు షాఫ్టునకును బలమందెడిది. నేటి బండ్లు కొన్నింటిలో మీట త్రిప్పిన మోటారు ఆ పని చేయును. మరికొన్నింటిలో ముందు ఇరుసునకెంత, వెనుక ఇరుసునకెంత యన్నది కంప్యూటరే నిర్ణయించును. వెనుక చక్రములు బురదలో వట్టిగా గిరగిర తిరుగుచుండ, ముందువి మెల్లగా తిరిగినచో, ఆ తేడా గుర్తించి బలమును ముందునకు మరలించును. ఇందులకై చక్రమునకొకటి చొప్పున నాలుగు సెన్సారులుండును. కొన్నింటిలో షాఫ్టుల వేగము చూచుటకు వేరుగా కూడ నుండును. చక్రముల సెన్సారులే ఏ.బి.ఎస్. బ్రేకునకును ఆధారము. 2019 ఏప్రిల్ నుండి మన దేశమున అమ్ము కొత్త ప్రయాణికుల కార్లకు ఏ.బి.ఎస్. తప్పనిసరియైనది.

లౌడ్‌స్పీకరులో అయస్కాంతము, తీగచుట్ట యుండునని రేడియో శ్రోతలెరుగుదురు. అందు విద్యుత్తు కదలికగా మారును. పాతరకపు సెన్సారులో కదలిక విద్యుత్తుగా మారును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే దీనికి మూలము. చక్రముతోపాటు తిరుగు ఇనుప వలయపు పన్ను సెన్సారు మొనను దాటినపుడెల్ల చుట్టలో నొక చిన్న అల పుట్టును. వలయమునకు 48 పండ్లు, టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకొందము. గంటకు 36 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 10 మీటర్లు పోవునపుడు, చక్రము సెకనుకు నాలుగున్నర చుట్లు తిరుగును. సుమారు 218 అలలు పుట్టును. కంప్యూటరు వీనిని లెక్కించును. కొత్తరకపు సెన్సారు 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న ప్రభావముపైనో, దానిని బోలిన ధర్మముపైనో ఆధారపడును. దానికి బయటినుండి విద్యుత్తు అందవలెను. దాని సంకేతము సాధారణముగా 7, 14 మిల్లీఆంపియరుల నడుమ మారుచుండు ప్రవాహము.

ఇంత స్వల్పమైన సంకేతమును చెరచుటకు సముద్రపు గాలియే చాలును. కనెక్టరులో తేమ చేరి రాగి పచ్చబారును. నిరోధము పెరిగి సంకేతము తెగి తెగి వచ్చును. పండ్ల వలయము క్రింద త్రుప్పు ఉబ్బిన వలయము పైకి లేచి, సెన్సారునకు దానికి నడుమనుండు సన్నని సందు ఎగుడుదిగుడగును. అప్పుడు బండి నిలుచుటకు కొంచెము ముందు, అవసరము లేకున్నను, బ్రేకు పెడలు వణకును. బేరింగు వదులైనను ఆ సందు నిలుకడగా నుండదు. సెన్సారు మొనకు ఇనుపరజను పట్టుటయు, బురద పీచులాగి తీగ తెగుటయు కలదు.

పరీక్షకు ఒక క్రమము కావలెను. మొదట టైర్లు చూడవలెను. నాలుగును ఒకే కొలతవై, గాలి సరిగా నుండవలెను. అరిగిన టైరు చుట్టుకొలత తగ్గి వేగముగా తిరుగును. సెన్సారు నిజమే చెప్పినను కంప్యూటరు దానిని జారుడని భ్రమపడవచ్చును. రెండవది, స్కానరు పెట్టి, తిన్నని బాటపై మెల్లగా నడుపుచు అంకెలు చూడవలెను. మూడు చక్రములు 20 చూప నాల్గవది సున్న చూపిన, ఆ చక్రము ఈడ్చుకొనిపోవుట లేదు గనుక, లోపము ఆ సెన్సారునందో, తీగయందో, వలయమునందో యున్నది. స్కానరు చూపు కోడు ఏ మార్గమున లోపమున్నదో చెప్పును గాని ఏ భాగము మార్చవలెనో చెప్పదు. మూడవది, కనెక్టరు విప్పి పచ్చదనము చూచి, బండి నిలిపి తీగను అటునిటు కదపవలెను. నాల్గవది, పాతరకపు సెన్సారైన నిరోధము కొలిచి, చక్రమును చేత త్రిప్పి, మల్టీమీటరులో అల పుట్టుచున్నదేమో చూడవలెను. కొత్తరకపు దానికి నిరోధ పరీక్ష పనికిరాదు. దానికి విద్యుత్తు అందుచున్నదా యని చూడవలెను. ఇటీవల బేరింగు మార్చియున్నచో, అది తిరగబడి బిగింపబడెనేమో చూడవలెను. కొన్ని బేరింగులకు ఒక ప్రక్కనే అయస్కాంత వలయముండును.

షాఫ్టుల సెన్సారులను పోల్చుటకు మరియొక ఉపాయము కలదు. తడి మట్టిపైనో, ఇసుకపైనో ఫోర్ వీల్ డ్రైవును బిగించి తిన్నగా నడిపిన, ముందు షాఫ్టు, వెనుక షాఫ్టు సమానముగా తిరుగవలెను. అంకెలు వేరైన సెన్సారు తప్పు చెప్పుచున్నదో, బిగింపే కాలేదో తేల్చుకొనవలెను. గట్టి తారురోడ్డుపై ఈ పరీక్ష చేయరాదు, గేర్లు బిగిసికొనిపోవును. టూ వీల్ డ్రైవులో కొన్ని బండ్ల ముందు షాఫ్టు నిలిచిపోవుటయు సహజమే. దానిని లోపమని భ్రమింపరాదు.

ఈ క్రమము తప్పిన రెండు నష్టములు కలుగును. కనెక్టరు తుడిచిన తీరు చిన్న లోపమునకు ట్రాన్స్‌ఫర్ కేసునే మార్పించి డబ్బు పోగొట్టుకొనుట యొకటి. ఏ.బి.ఎస్. దీపముపై బిళ్ళ అంటించి తిరుగుట రెండవది. ఆ దీపము మాత్రమే వెలిగినపుడు మామూలు బ్రేకు పనిచేయును గాని, చక్రము బిగిసి జారకుండ కాపాడు ఏర్పాటుండదు. వానకాలమున బందరు నుండి విజయవాడకు సరకుతో పోవు డ్రైవరునకు ఆ కొరత ప్రాణాంతకము కావచ్చును. బ్రేకు హెచ్చరిక దీపము కూడ వెలిగినచో బండి నిలిపి పరీక్షింపవలెను.

రేవునుండియో చెరువుగట్టునుండియో వచ్చిననాడు చక్రముల లోపలి భాగమును మంచినీటితో కడుగుట మంచిది. అయితే ప్రెషరు నీటిధారను సూటిగా కనెక్టరుపై కొట్టరాదు. విప్పిన కనెక్టరును ఆరబెట్టి, సిలికోను గ్రీజు కొంచెము రాసి బిగింపవలెను. ఉప్పును ఎప్పటికప్పుడు కడిగివేసిన బండి మిక్కిలి కాలము నిజము చెప్పును.