నల్లగీత గీస్తే కామిక్ అయిపోదు

టేబుల్‌టాప్ ఆటల్లో వాడే మినియేచర్లు ఎక్కువగా 28 లేదా 32 మిల్లీమీటర్ల స్కేల్లో వస్తాయి. అంత చిన్న ప్లాస్టిక్ బొమ్మ కామిక్ పేజీలోంచి లేచి వచ్చినట్టు కనిపించేలా రంగులు వేయడమే సెల్ షేడింగ్. పాత యానిమేషన్ స్టూడియోల్లో ‘సెల్’ అనే పారదర్శకమైన షీటుకు ముందువైపు గీతలు గీసి, వెనకవైపు చదునుగా రంగులు నింపేవారు. 2000లో సెగా వారి ‘జెట్ సెట్ రేడియో’ అలాంటి రూపాన్నే వీడియోగేముల్లోకి తెచ్చింది. 2009లో ‘బోర్డర్‌ల్యాండ్స్’ గేము వచ్చాక మినియేచర్లకు రంగులేసేవాళ్లలోనూ చాలామందికి అందులోని నల్లగీతల మీద మోజు పుట్టింది. మోజుతోపాటు కొన్ని అపోహలూ పుట్టాయి.

అపోహ: మామూలుగా రంగులేసి, చుట్టూ నల్లగీత గీస్తే చాలు.

చాలా బొమ్మలు ఇక్కడే చెడిపోతాయి. గేములో కెమెరా కదిలినప్పుడల్లా కంప్యూటర్ ఆ గీతను కొత్తగా లెక్కగట్టి గీస్తుంది. చేతిలోని బొమ్మకు ఆ సౌకర్యం లేదు. ఎదురుగా చూసినప్పుడు భుజం అంచులా కనిపించిన చోటు, బొమ్మను కొంచెం తిప్పగానే భుజం నడిమధ్యకు వచ్చేస్తుంది. అక్కడ గీసిన గీత గీతలా ఉండదు, మరకలా ఉంటుంది. అందుకని ఎటు తిప్పినా హద్దుగానే మిగిలే చోట్లే నలుపు పెట్టాలి: బెల్టు చొక్కాను తాకేచోట, మెడ దగ్గర చర్మం బట్టతో కలిసేచోట, వేళ్ల సందుల్లో, కవచం పలకల అతుకుల్లో. వెలుగువైపు సన్నగా, నీడవైపు కాస్త మందంగా. నాలుగు గీతల్లో మనిషినంతా చూపించిన బాపు బొమ్మలతో పెరిగినవాళ్లకు గీత ఎక్కడ ఆగాలన్నది ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి గీత సగం పనే. బొమ్మకు కామిక్ రూపం తెచ్చేది నీడ అంచు. ఒక సైనికుడి ఎర్ర కేప్ తీసుకోండి. ముందు మొత్తం ఒకే మధ్యరకం ఎరుపు వేయాలి. వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతోందనుకుంటే, ప్రతి మడతకూ కుడివైపు మెరూన్ రంగు వేయాలి. ఆ రెండు రంగులూ కలిసేచోట తడికుంచెతో నునుపు చేయాలని చెయ్యి లాగుతుంది. చేయకూడదు. ఆ అంచు స్పష్టంగా తెగి ఉండాలి. మడత ఉబ్బిన చోట నారింజ కలిసిన ఎరుపుతో ఒక సన్నని పట్టీ. మూడు రంగులు, అంతే. కేప్ కవచాన్ని ఆనుకునేచోట నలుపు ఆఖరున.

అపోహ: నీడ కావాలంటే అదే రంగులో నలుపు కలిపితే సరి.

పసుపులో నలుపు కలిపి చూడండి, ఆకుపచ్చలోకి తిరుగుతుంది. పసుపుకు నీడ గోధుమరంగు, ఎరుపుకు మెరూన్ లేదా ఊదా, చర్మానికి ఎర్రమట్టి ఛాయ. నలుపును గీతలకే దాచిపెడితే ఆ గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి.

అపోహ: వాష్ పోస్తే గీతలు వాటంతటవే పడతాయి.

వాష్ అంటే నీళ్లలా పలచని రంగు; అది పల్లాల్లోకి దిగే మాట నిజమే. కానీ చదునైన చోట్ల కూడా మరకలు మిగులుస్తుంది, అంచుల్ని మసకబారుస్తుంది. ఈ శైలికి కావలసినది దానికి సరిగ్గా వ్యతిరేకం. నల్లరంగును పాలంత పలచగా చేసుకుని కుంచెతో గీయడమే దారి. గీత పక్కకు జరిగితే అసలు రంగుతో సరిదిద్దుకోవచ్చు. దీనికి 000 నంబరు కుంచె కొనాల్సిన పనీ లేదు. అంత చిన్న కుంచెలో రంగు బొమ్మను చేరేలోపే ఆరిపోతుంది. మొన చక్కగా నిలిచే 1 నంబరు కుంచె గీతను మధ్యలో తెగనివ్వదు.

అపోహ: బ్లెండింగ్ రానివాళ్లు పట్టే అడ్డదారి ఇది.

ఈ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. నునుపుగా కలిపిన రంగుల్లో చిన్న పొరపాటు కలిసిపోతుంది. ఇక్కడ నీడ అంచు వెంట్రుకవాసి వంకరపోయినా కంటికి తగులుతుంది. పైగా వెలుగు ఎటునుంచి పడుతోందో ముందే తేల్చుకోకపోతే మొదటి నీడ కూడా వేయలేం. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రంగులకు ముందు వేసే నల్ల ప్రైమర్ పూత ఆరాక, మీరు వెలుగు అనుకున్న దిక్కునుంచి మాత్రమే తెల్ల ప్రైమర్ పలచగా స్ప్రే చేయండి. అప్పుడు నాలుగువైపులా ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. తెలుపు ఎక్కడ పడిందో, నలుపు ఎక్కడ మిగిలిందో ఆ ఫొటోల్లో ఉంటుంది. రంగులు వేస్తున్నంతసేపూ అవి పక్కనే ఉండాలి.

అపోహ: చివర్లో మెరిసే వార్నిష్ వేస్తే రంగులు ఇంకా బాగా పలుకుతాయి.

మీరు కుంచెతో వేసిన వెలుగు ఒకచోట, గదిలోని బల్బు మెరుపు ఇంకోచోట కనబడతాయి. రెండూ పోటీపడితే కామిక్ రూపం చెదిరిపోతుంది. మ్యాట్ వార్నిషే వేయాలి. పెన్నుతో గీతలు గీసినవాళ్లకు ఇంకో జాగ్రత్త: కొన్ని పెన్నుల ఇంకు వార్నిష్ తగలగానే పాకుతుంది. అదే పెన్నుతో బేస్ అడుగున రెండు గీతలు గీసి, పూర్తిగా ఆరనిచ్చి, దానిమీద వార్నిష్ వేసి చూశాకే బొమ్మ ముఖం జోలికి వెళ్లండి.