మా బండి టిక్కుమంది

మా ఇంట్లో గోడగడియారం ఆగిపోయి చాలా కాలమైంది. అంచేత క్రిందటేడు మాఘమాసంలో ఓ ఉదయం వాకిట్లోంచి "టిక్ టిక్" మని వినిపించగానే మా ఆవిడ, "ఏమండీ, గడియారం బాగుచేయించారా?" అని సంబరంగా అడిగింది. గడియారం కాదు, కారు!

మాది అంబాసిడర్, మార్క్ 2. నాన్నగారు 1972లో కొన్నారు. ఉత్తరపారా కార్ఖానాలో ఆ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని మా బండి మాత్రం ఆగలేదు. మా చెల్లెలు పెళ్ళికూతురై ఎక్కింది దీన్లోనే. తన కూతురు కూడా నాన్నగారి కార్లోనే మంటపానికి రావాలని దాని కోరిక. ఏలూరులో పెళ్ళి, ఇంకా మూడు వారాలుంది.

బెజవాడలో ఓ పెద్ద షెడ్డుకు తీసుకువెళ్ళాను. పేరు చెప్పడం బాగుండదు. "ఇంజన్ దించాలి సార్" అంటూ కాగితం మీద ఓ అంకె వేసి ఇచ్చారు. అది నా నాలుగు నెలల పింఛను! నా ముఖం చూసి అక్కడి కుర్రవాడు జాలిపడ్డాడు గావును, "పోనీ, ట్యాపెట్లు బిగించి చూస్తాను" అన్నాడు. అరగంట చెవితో వింటూ బిగించాడు. నిజంగానే చప్పుడు మాయమైంది. మా ఆవిడ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టించింది.

ఆ ముచ్చట పది రోజులు. ఆ తరువాత బండి పొద్దున్నే వణకడం మొదలెట్టింది. వంతెన ఎక్కాలంటే ఆయాసం. అప్పుడు తెలిసినవారు చెబితే ఆటోనగర్‌లో ఓ ముసలి మేస్త్రిగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన సంగతంతా విని, "చప్పుడు చేసే ట్యాపెట్టుకు భయపడకండి బాబుగారూ! నోరు మూసుకున్నదానికి భయపడాలి" అన్నారు.

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన చెప్పాక తెలిసింది. ఈ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. ఒక్కొక్క వాల్వు మీదా ఏతంలాంటి రాకరు ఒకటి ఉంటుంది. కిందనుంచి కడ్డీ దాని ఒక కొసను ఎత్తితే, రెండో కొస దిగి వాల్వును నొక్కుతుంది. వేడికి ఇనుము సాగుతుంది కనుక రాకరుకూ వాల్వుకూ నడుమ అంగుళంలో వెయ్యోవంతులు 15, అంటే దళసరి విజిటింగు కార్డంత సందు ఉంచాలి. ఇంజన్ నిమిషానికి 700 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 350 సార్లు తెరుచుకుంటుంది. సందు ఎక్కువైతే అన్నిసార్లూ టిక్కుమంటుంది. మరి సందే లేకపోతే? వాల్వు పూర్తిగా మూసుకోదు. పొగ పోయే వాల్వు తన వేడిని సీటుకు ఆనినప్పుడే దించుకుంటుంది. ఆనకపోతే మంట సందులోంచి దూరి దాని అంచును తినేస్తుంది. కుర్రవాడు నాకు అమ్మిన నిశ్శబ్దం ఇదన్నమాట!

మేస్త్రిగారు పైమూత విప్పి, సందులన్నీ వదులు చేసి మళ్ళీ పెట్టారు. దీనికో లెక్కుంది. ముందునుంచి వాల్వులు లెక్కపెట్టుకుని, 8వది పూర్తిగా దిగినప్పుడు 1వది సరిచేయాలి. 6 దిగితే 3. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. నా వెంట వచ్చిన మా మనవడు మూడో తరగతి. "తొమ్మిదిలో నాలుగు పోతే అయిదు, తాతా!" అని అరుస్తుంటే నేను ముందు హేండిలు తిప్పాను. బళ్ళో వాడికి తీసివేతలు ఇంత ఇష్టంగా చేయడం చేతకాదని వాళ్ళ అమ్మ ఫిర్యాదు.

స్టార్టు చేస్తే మళ్ళీ టిక్! నాకు నీరసం వచ్చింది. మేస్త్రిగారు మాత్రం పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని అక్కడా ఇక్కడా విన్నారు. మానిఫోల్డు ప్యాకింగు కారితే చల్లగా ఉన్నప్పుడే గట్టిగా మోగి, వేడెక్కాక తగ్గుతుందట. ఇది తగ్గలేదు. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూశారు. బేరింగు చప్పుడైతే మారాలి, మారలేదు. అప్పుడు ఇంజన్ తిరుగుతుండగానే ఫీలర్ గేజి రేకును 5వ రాకరు కింద దూర్చారు. టిక్కు ఆగిపోయింది!

"15 కొలిచి పెట్టారు కదా?" అన్నాను.

"గేజి అబద్ధమాడింది బాబుగారూ" అన్నారాయన.

రేడియేటరులో నీళ్ళు దించి, హెడ్డు నట్లు వరసగా కొద్దికొద్దిగా వదులు చేసి రాకర్లు తీశారు. అంత శ్రమ ఎందుకంటే, ఈ ఇంజన్‌లో రాకర్లను పట్టుకునే నట్లలో కొన్ని హెడ్డును కూడా పట్టుకుంటాయి. 5వ రాకరు కొస మీద నా వేలిగోరు పెట్టి రాయించారు. చిన్న గుంట తగిలింది. గేజి రేకు బల్లపరుపుగా గుంట మీదుగా వంతెనలా పడుకుంటుంది. వాల్వు తల మాత్రం గుంటలో దిగుతుంది. రేకుకు తెలిసింది 15. అసలు సందు అంతకు ఎంతో ఎక్కువ.

గ్రైండింగుకు పంపి ఆ ముఖం నున్న చేయించి, కొత్త కార్క్ ప్యాకింగు వేసి బిగించారు. అదృష్టవశాత్తూ వాల్వులు కాలలేదు. ఆయన అడిగిన డబ్బు విని రెండోసారి అడిగించుకున్నాను, తక్కువ విన్నానేమోనని.

ఇంటికి వచ్చాక మా ఆవిడ బానెట్టు దగ్గర నిలబడి చెవి ఒగ్గింది. కుట్టుమిషనులా సన్నగా, సమంగా చప్పుడు.

"ఇంకా ఏదో అంటోందేమండీ?"

"ఆమాత్రం అనాలిట" అన్నాను.

పెళ్ళినాడు ఏలూరు చేరేసరికి ముహూర్తం ఇంకా మూడు గంటలుంది. మా చెల్లెలు ముందు బండిని, తరువాత నన్ను పలకరించింది.